గుండె ధైర్యం కాదు, మోకాళ్ళు



మట్టి బాట మీద మోటారు సైకిలు పందాలను గురించి మనవాళ్ళు రాసినప్పుడల్లా సాహసం, తెగింపు, ప్రాణాలొడ్డడం అనే మూడు మాటలు తప్పక దొర్లుతాయి. నాకు ఈ మాటలతో పేచీ ఉన్నది. మోటోక్రాస్ తెగింపు కాదు, విద్య. విద్య అన్న తరువాత దానికొక లక్షణం, ఒక అభ్యాసక్రమం ఉంటాయి. తెలుగు పంతులుకు మోటారు సైకిళ్ళతో ఏమి పని అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. ఒక విద్యకు పుట్టుకతో వచ్చే గుణమని పేరు పెట్టి, నేర్వవలసిన శ్రమను తప్పించుకోవడం అనే జబ్బుతోనే నేను ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదిలో పోరాడాను. ఛందస్సు రానివాడు కూడా "అది పుట్టుకతో రావాలండీ" అనేవాడు.

చూసేవారు చప్పట్లు కొట్టేది బండి గాలిలోకి లేచినప్పుడు. పందెం తేలేది మాత్రం చాలాసార్లు గతుకుల నేల మీద. ఆ నేల ఎట్లా చెడుతుందో గమనించండి. మలుపుకు ముందు ప్రతివాడూ బ్రేకు వేస్తాడు. చక్రం మట్టిని తోసి చిన్న మిట్టను లేపుతుంది. వెనుక వచ్చేవాడి చక్రం ఆ మిట్ట మీద ఎగిరి, దిగినచోట గుంట చేస్తుంది. మలుపు దాటి వేగం అందుకొనేచోట మరొక వరుస తయారవుతుంది. ఉదయం చదునుగా ఉన్న బాట మధ్యాహ్నానికి గుర్తు పట్టరాకుండా పోతుంది. బెల్జియంలోని లొమ్మెల్ వంటి ఇసుక బాటల సంగతి చెప్పనక్కరలేదు. సూపర్‌క్రాస్‌లో అయితే ఈ మిట్టల వరుసను పనిగట్టుకొని కడతారు, హూప్స్ అంటారు. నిమ్నోన్నతాలని రాస్తే నా పాత శిష్యులు నవ్వుతారు కనుక నేను అలలబాట అంటాను. ఇంతకంటె మంచి మాట తట్టినవారు చెప్పండి, మార్చుకుంటాను.

ఈ అలలబాట విషయంలో పెద్దల దురభిప్రాయం ఒకటున్నది. "నెమ్మదిగా పోనీ, కదలకుండా కూర్చో, గట్టిగా పట్టుకో." ఇందులో మొదటి మాట మంచిదే. తక్కిన రెండూ అపాయం. పందెపు బండి సుమారు 110 కిలోలు, మనిషి 70 అనుకుందాం. మొత్తం బరువులో మూడోవంతుకు మించి మనిషే. కూర్చున్నవాణ్ణి సీటు ప్రతి గుంటలోనూ తన్నుతుంది. ఆ తన్ను నడుముకు తగిలి, చేతుల గుండా హ్యాండిలుకు చేరి, ముందు చక్రాన్ని పక్కకు తిప్పుతుంది. నిలబడినవాడికి మోకాళ్ళు, చీలమండలు రెండో సస్పెన్షన్‌గా పనిచేస్తాయి. కింద బండి ఎగిరెగిరి పడుతున్నా తల ఒకే ఎత్తున సాగిపోతుంది.

పట్టు కాళ్ళలో ఉండాలి. మోకాళ్ళతో బండిని అదిమి, పాదాల ముందరి భాగాన్ని ఫుట్‌పెగ్గుల మీద ఆనించి, మోచేతులు బయటికి ఎత్తి, వేళ్ళను వదులుగా ఉంచాలి. హ్యాండిలును పిడికిట బిగించినవాడి ముంజేతులు కొద్ది నిమిషాలలో కట్టెలవుతాయి. ఆ తరువాత బ్రేకు, క్లచ్చి అతని మాట వినవు.

భయం వేయగానే చేయి మొట్టమొదట మూసేది యాక్సిలరేటరును. మూయగానే బరువు ముందుకు ఒరిగి ఫోర్కు కుంగుతుంది. చక్రం తరువాతి గుంటలో ముక్కు పొడుస్తుంది, వెనుక భాగం అటూ ఇటూ కొట్టుకుంటుంది. సమంగా ఇస్తూ ఉంటే బరువు వెనక్కు మళ్ళి, ముందు చక్రం తేలికపడుతుంది. అందుకే మామూలు కంటె ఒక గేరు పైన ప్రవేశించమంటారు. అప్పుడు ఇంజను గొంతు చించుకోదు, లాగుడు కుదుపులుగా రాదు. వేగమెంతో తేల్చుకోవలసింది మొదటి మిట్టకు ముందే.

ఇక కుర్రవాళ్ళ దురభిప్రాయం. "ఎంత వేగంగా పోతే అంత చదునుగా ఉంటుంది." ఇది సగం నిజం, ఎముకలు విరిచేవి ఇటువంటి సగం నిజాలే. వేగంలో చక్రానికి గుంటలోకి దిగే వ్యవధి ఉండదు, నిజమే. ఆ మాట నిలకడ కుదిరినవాడికి చెల్లుతుంది. కుదరనివాణ్ణి నాలుగో మిట్ట విసిరేస్తుంది. నేర్చేవాడు ముందు ఒక్కొక్క మిట్టను నిలబడి ఎక్కి దిగాలి. తరువాత రెండేసి కలిపి దాటాలి. శిఖరాల మీద తేలిపోవడం ఆ పైమాట.

"ఇప్పటి బండ్లకు 300 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్నది, ఇంకా ఈ భంగిమలెందుకు?" అని ఒక మిత్రుని ఆక్షేపణ. 1960ల బండ్లకు ఇంతకంటె చాలా తక్కువ ఉండేది. 1973లో యమహా మోనోషాక్ వచ్చాక సస్పెన్షన్ బారు పెరుగుతూ పోయింది, దానితోపాటు వేగమూ పెరిగింది, గుంటలూ లోతెక్కాయి. పైగా కుంగిన స్ప్రింగు వేగంగా లేస్తే మనిషిని ఎగరేస్తుంది. మందంగా లేస్తే గుంట గుంటకూ మరింత కుంగిపోతుంది. ఆ పరికరం ఎదురైన గుంటకు మాత్రమే జవాబిస్తుంది. ఏ గుంటను ఎదుర్కోవాలి, ఏ అంచునుంచి చుట్టి పోవాలి అన్నది కన్ను చేయవలసిన పని. పద్యం చదివేవాడి కన్ను నోటికంటె నాలుగక్షరాలు ముందుంటుంది. ఇక్కడా అంతే. ముందు చక్రం వంక చూసేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే ఉంటాడు.

స్టెఫాన్ ఎవర్ట్స్ 10 ప్రపంచ టైటిళ్ళు, 101 గ్రాండ్ ప్రిలు గెలిచాడు. ఇతరులు కూర్చొనేచోట కూడా నిలబడి, తొందర కనబడకుండా నడపడమే ఆయన ప్రసిద్ధి. మలుపులో ముందుకు జరిగి కూర్చోవడం తప్పని నేననను, ముందు చక్రానికి అక్కడ బరువు కావాలి. 2024 డాకర్‌లో ర్యాలీ-2 విభాగం గెలిచిన కేరళ యువకుడు హరిత్ నోవా సూపర్‌క్రాస్ బాటల మీద ఎదిగినవాడే. ఆయనను "సాహసి" అని ఊరుకుంటే, ఆయన చేసిన అభ్యాసాన్ని మనం చూడలేదనే అర్థం.

మన తల్లిదండ్రులకు తెలిసినవి రెండే దారులు, వద్దని కసరడం, వీరుడని మురియడం. రెండింటిలోనూ పిల్లవాడికి నేర్పేవాడు లేడు. కనుక శిక్షణకు పంపేవారు హెల్మెట్టు, బూట్లు, ఛాతీ కవచం సరిచూసిన తరువాత ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యా, మొదటి నెల మా అబ్బాయి ఏమి చేస్తాడు?" గతుకుల మీద నిలబడడం అంటే చేర్పించండి. మొదటి వారమే గాలిలోకి ఎగరేయిస్తానంటే, కట్టిన రుసుము పోయినా సరే, అబ్బాయిని ఇంటికి తీసుకువచ్చేయండి.