బ్లైబరో దేవదూతలను ఎవరు కాల్చారు?



ఇంగ్లండు తూర్పు తీరానికి దగ్గరగా, సఫోక్ ప్రాంతంలో బ్లైబరో అనే చిన్న గ్రామం ఉంది. ఆ ఊరికి ఏమాత్రం పొంతన లేనంత పెద్ద మందిరం అక్కడ నిలబడి ఉంది. 15వ శతాబ్దంలో నది మీద రేవు, వ్యాపారం సాగే రోజుల్లో కట్టుకున్నది. తరువాత నది పూడిపోయింది, సంపద వెళ్లిపోయింది, మందిరం మిగిలింది. లోపల రెండు వైపులా పైవరుస కిటికీల నుంచి వెలుగు దిగుతుంది. పైన చెక్క కప్పు, దాని నడిమి దూలం వెంట రెక్కలు చాచిన దేవదూతలు.

ఆ దేవదూతల చెక్కలో సీసపు గుండ్లు దిగబడి ఉన్నాయి. కాల్చింది డౌసింగ్ మనుషులేనని చాలాకాలం అందరూ నమ్మారు. నమ్మడానికి కారణమూ ఉంది. విలియం డౌసింగ్ అంతర్యుద్ధ కాలంలో పార్లమెంటు తరఫున మందిరాల్లోని బొమ్మలు, పటాలు తీయించిన మనిషి. 1644 ఏప్రిల్‌లో బ్లైబరో వచ్చాడు. 20 కెరూబులను దించాలని, 200కు పైగా బొమ్మలను 8 రోజుల్లో తీసేయాలని చెప్పినట్టు తన దినచర్యలో తానే రాసుకున్నాడు.

కాని కప్పు మరమ్మతులో దొరికిన గుండ్లు 18వ శతాబ్దానివని తేలింది. మందిర పెద్దల లెక్కల పుస్తకంలో జాక్‌డాలనే చిన్న కాకులను కొట్టడానికి తుపాకిమందుకు, గుండ్లకు ఇచ్చిన సొమ్ము రాసి ఉంది. కాపాడవలసినవారే కాల్చారన్నమాట! గురి కాకుల మీద, దెబ్బ దేవదూతలకు. అయినా కాకి కప్పు దాకా వచ్చిందంటే దారి ఎవరు వదిలారు?

1577 ఆగస్టులో తుఫానులో గోపుర శిఖరం కూలి ఒక మనిషి, ఒక బాలుడు చనిపోయారు. దానికి ఊరు నల్లకుక్క రూపంలో వచ్చిన దయ్యాన్ని నిందించింది. తలుపు మీది నల్లమచ్చలు దాని గోళ్ల గుర్తులని ఇప్పటికీ చూపిస్తారు. నింద వేయడానికి డౌసింగ్ దొరికాడు, దయ్యమూ దొరికింది. 1881లో మాత్రం తుఫాను లేదు, సైనికుడు లేడు. మందిరం ప్రమాదకరంగా ఉందని మూసేశారు. అప్పటికి వాన పడితే ఆరాధనలో గొడుగులు పట్టేవారట.

మధ్యయుగపు ఇంగ్లండులో బలిపీఠం ఉన్న భాగం పాదిరి చూసుకోవాలి, జనం కూర్చునే భాగం ఊరివారు చూసుకోవాలి. ఈ పంపకం మాకు నచ్చింది. ఎవరి కప్పు కారుతుందో అందరికీ తెలిసేది కదా. హగ్గయి కూడా మందిరాన్ని కూల్చిన బబులోనును అడగలేదు, సరంబీ వేసిన ఇళ్లలో కూర్చున్న తన వాళ్లనే అడిగాడు.

మన మందిరానికి ఏ కష్టం వచ్చినా ముందు బయటివాళ్ల వైపే చూస్తున్నాం. బయటివాళ్లు చేసేదీ ఉంది, కాదనం. కాని గోడకు దిగుతున్న చెమ్మ ఎవరో తెచ్చి పోసింది కాదు. స్లాబు మీద ఆకులు నిలిచి నీటిగొట్టం మూసుకుపోయింది.

శనివారం పొద్దున ఆ పని పెట్టుకున్నాం. పొడవాటి నిచ్చెన ఉన్నవారు తీసుకురండి.