దూరపు కొండలు

"నకలు చూడడానికి ఇంత డబ్బా!" అని నేను పైకి అన్నానో, మనసులో అనుకొన్నానో సరిగా గుర్తులేదు. మా చెల్లెలు చటుక్కున వెనక్కి తిరిగి చూచింది గనుక పైకే అనివుంటాను.

ఇది 2013 వేసవి సంగతి. మా చెల్లెలూ బావగారూ చికాగోలో వుంటారు. "అన్నయ్యా, ఇంకా ఎన్నేళ్ళు వాయిదా వేస్తావు? ఈ సెలవులకైనా రా" అని టిక్కెట్టు పంపింది. వెళ్ళాను. మొదటిసారి పైదేశం వెళ్ళిన మధ్యతరగతి తెలుగువాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. కనిపించిన ప్రతి ధరనూ అరవైతో హెచ్చవేసి, ఒక నిట్టూర్పు విడిచి, జేబులోంచి చెయ్యి తీయకుండా ముందుకు సాగడం! కాఫీ దగ్గర మొదలైన ఆ లెక్క మ్యూజియం గుమ్మం దాకా వచ్చింది.

మిచిగన్ సరస్సు ఒడ్డున ఫీల్డ్ మ్యూజియమని పెద్ద మ్యూజియం వుంది. అందులో ఆ మార్చి నుంచి సెప్టెంబరు దాకా లాస్కో గుహాచిత్రాల ప్రదర్శన. లాస్కో ఫ్రాన్సు దేశంలో వుంది. దాదాపు 17 వేల ఏళ్ళ క్రితం ఆదిమానవులు ఆ కొండగుహ గోడల మీద బొమ్మలు వేశారు. గుహను మోసుకురావడం ఎవరి తరం? అందుకని గోడలకు నకళ్ళు చేయించి, పెట్టెలకెక్కించి ఊరూరా తిప్పుతున్నారు. 2012లో ఫ్రాన్సులోనే బోర్డో నగరంలో బయలుదేరిందట. చికాగో తరువాత హ్యూస్టన్, మాంట్రియల్, బ్రస్సెల్స్, పారిస్, టోక్యో అన్నీ తిరిగింది. పూర్వం మన ఊళ్ళకు తోలుబొమ్మలవాళ్ళు బొమ్మల బుట్టలతో వచ్చేవారు చూడండి, అలాగన్నమాట.

లోపలికి వెళ్ళగానే నడిమి హాలులో ఒక రాక్షసిబల్లి అస్థిపంజరం నిలబడివుంది. నలభై అడుగుల పొడుగు. దాని పేరు 'సూ'. మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు. అది నా చెయ్యి పట్టుకొని, "మామయ్యా, ఎముకలు చాలామటుకు నిజమైనవే. తలకాయ మాత్రం నకలు. అసలు తలకాయ మరీ బరువని పైన అద్దాల పెట్టెలో పెట్టారు" అని వివరించింది.

"ఇక్కడ కూడా నకలేనా?" అన్నాను.

"చెప్పే పెట్టారుగా మామయ్యా" అంది ఆ పిల్ల. దాని దృష్టిలో అందులో మోసమేమీ లేదు. నేను మాత్రం తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి గనుక అంత సులభంగా ఒప్పుకొంటానా?

ప్రదర్శనశాలలో వెలుతురు బాగా తగ్గించారు. కళ్ళు అలవాటు పడేదాకా తడుముకొంటూ నడిచాము. అంతలో ఎదురుగా గోడ మీద ఒక పెద్ద నల్ల ఆవు! గోడ ఎత్తుపల్లాలను లేజరు కిరణాలతో కొలిచి, అదే కొలతలో అచ్చు తీసి, దాని మీద చిత్రకారులు మళ్ళీ రంగులు వేశారు. అటువంటి గోడలు ఐదు వున్నాయి. ఒక గోడ మీద ఐదు దుప్పులు వరుసగా తలలెత్తి ఏరు దాటుతున్నట్టున్నాయి. తలలూ మెడలూ తప్ప ఒళ్ళు లేదు. కింద రాయి ముదురు రంగు తిరిగి నీటిమట్టంలా కనిపిస్తుంది. నీరు గీయకుండానే నీరు చూపించాడు మహానుభావుడు! మరొక గోడ మీద రెండు అడవిదున్నలు తోకలు కలిపి చెరొక దిక్కుకూ ఉరుకుతున్నాయి. వెనుక వున్న దున్న కాలిని ఒంటికి అంటించకుండా కాస్త ఎడం విడిచాడు. ఆ ఎడం వల్ల ముందున్నదేదో వెనకున్నదేదో ఇట్టే తెలిసిపోతుంది.

ఆ గుహలో మనిషి బొమ్మ ఒక్కటే. అదీ ఒక లోతైన బావివంటి చోట, ఎవరికీ కంటబడని మూల. పిట్ట తల, పుల్లల్లాంటి చేతులు, వెల్లకిలా పడిపోతున్నాడు. ఎదురుగా పేగులు బయటపడ్డ అడవిదున్న. పక్కన కర్ర మీద ఒక పిట్ట. జంతువులను అంత జీవంగా గీసినవాడు మనిషిని మాత్రం చిన్నపిల్లలు పలక మీద గీసినట్టు గీసి వదిలేశాడు. కావాలనే చేశాడో, తన మీద తనకు అంత గౌరవం లేదో!

రంగులు చూచి మరీ ఆశ్చర్యపోయాను. ఎరుపూ పసుపూ మన జేగురు మన్నువంటివే. నలుపు మాంగనీసు రాయిది. దీపం మన ప్రమిదవంటిదే. రాయిని గుంటగా తొలిచి, కొవ్వు పోసి, వత్తి వేసి వెలిగించారు. 1960లో ఆ బావి అడుగున నున్నగా చెక్కిన అటువంటి రాతిదీపం ఒకటి దొరికింది.

ఇంకొక సంగతి. ఆ గుహలో దొరికిన ఎముకలను బట్టి చూస్తే వాళ్ళు తిన్నది ముఖ్యంగా రెయిన్‌డీరు మాంసం. కాని గోడల మీద వందలకొద్దీ జంతువులుంటే అందులో రెయిన్‌డీరు ఒక్కటే వుంది. ఎక్కువ భాగం గుర్రాలు. మా చెల్లెలు దీనికి వింతపడలేదు. "మనం మాత్రం రోజూ తినే పప్పన్నం బొమ్మ గీసి గోడకు తగిలించుకొంటామా? గోడ మీద లక్ష్మీదేవి పటం వుంటుంది" అంది. పెద్ద పెద్ద పండితుల వాదాలకు ఇది తీసిపోదని నాకు అనిపించింది.

సరే, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాము. మేనకోడలు అడిగింది. "మామయ్యా, నకలు చూచాముగా, అసలు గుహకు ఎప్పుడు తీసుకువెడతావు?"

"తీసుకువెళ్ళలేనమ్మా. తలుపులు మూసేశారు."

"ఎందుకు?"

"మనుషులు ఊపిరి పీల్చారని."

పిల్ల నవ్వింది. కాని నేను చెప్పినది ప్రదర్శనలో చదివిన నిజమే.

1940 సెప్టెంబరులో మాంటిన్యాక్ అనే చిన్న ఊళ్ళో నలుగురు కుర్రవాళ్ళు ఆ గుహను కనిపెట్టారు. వాళ్ళలో పెద్దవాడు మార్సెల్ రవిడా. వాడికి 18 ఏళ్ళు. మెకానిక్కు దగ్గర పని నేర్చుకొంటున్నవాడు. నాలుగు రోజుల పాటు రహస్యం కడుపులో దాచుకోలేక అవస్థపడి, చివరికి తమ బడిపంతులు లియోన్ లావాల్ దగ్గరకు వెళ్ళి చెప్పారు. పంతులుగారు మొదట నమ్మలేదు. తరువాత వెళ్ళి చూచి, నివ్వెరపోయి, ఆ కుర్రవాళ్ళకు ఒకే మాట చెప్పారు. ఎవరినీ గోడలు తాకనివ్వవద్దని. నలుగురిలో జాక్ మార్సాల్ అనేవాడు ఆ మాటను పట్టుకొని గుహ ముందు గుడారం వేసుకొని కాపలా కూర్చున్నాడు. 1989లో పోయేదాకా అతని బతుకంతా ఆ గుహతోనే గడిచింది.

యుద్ధం అయిన తరువాత 1948లో గుహను జనానికి తెరిచారు. జనం విరగబడ్డారు. 1955 నాటికి రోజుకు 1,200 మంది దాకా వచ్చేవారట. అంతమంది ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, చెమట ఆవిరి, విద్యుద్దీపాల వెలుగు అన్నీ కలిసి గోడలకు తెగులు పట్టించాయి. ఒకచోట ఆకుపచ్చ నాచు, మరొకచోట తెల్లని సున్నపు పొర. 17 వేల ఏళ్ళు చెక్కుచెదరని బొమ్మలు పదిహేనేళ్ళలో మంచం పట్టాయి. చివరకు 1963 ఏప్రిల్‌లో మంత్రి ఆంద్రె మాల్రో గుహను మూయించారు. అయినా పూర్తిగా కోలుకోలేదు. 2001లో తెల్లని బూజు పట్టింది. అసలును ఇక చూపలేక, 1983లో పక్కనే ఒక నకలు గుహ కట్టారు. అందులోని బొమ్మలను మొనీక్ పేత్రాల్ అనే చిత్రకారిణి దాదాపు పదేళ్ళు శ్రమించి వేసింది. మేము చూచిన ప్రదర్శన ఆ వరుసలో మూడవది. నాలుగవది 2016లో ఆ కొండ కిందనే తెరిచారు.

గుహను పాడుచేసినవాళ్ళు శత్రువులు కారు. దొంగలు కారు. ఆ బొమ్మలను చూచి మురిసిపోవాలని వచ్చినవాళ్ళు! ఆ సంగతి గ్రహించాక నా నోట మాట రాలేదు. దానికి కారణం లాస్కో కాదు, మన సీమలోని ఒక గుట్ట.

మా కాలేజీకి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒక గుట్ట వుంది. దాని చరియ కింద జేగురు రంగుతో వేసిన పాత బొమ్మలున్నాయి. మూపురం వున్న ఎద్దులు, దుప్పులు, చేతులు కలిపి ఆడే మనుషులు. ఇటువంటివి మన దగ్గర చాలాచోట్ల వున్నాయి. కర్నూలు వైపు కేతవరం, కడప వైపు చింతకుంట, భూపాలపల్లి వైపు పాండవుల గుట్ట. ఎక్కడికి వెళ్ళినా చుట్టుపక్కలవాళ్ళు, పాండవులు వనవాసంలో వేశారని చెబుతారు. పాపం, పాండవులకు వనవాసంలో ఇంకేమీ పని లేనట్టు!

ప్రదర్శన చూడడానికి నాలుగేళ్ళ ముందు, అంటే 2009లో, మా డిగ్రీ విద్యార్థులను నలభై మందిని ఆ గుట్టకు విహారయాత్రకు తీసుకువెళ్ళాను. ఎండ నడినెత్తిన వుంది. బొమ్మలు వెలిసిపోయి కనీకనిపించకుండా వున్నాయి. పిల్లల మొహాలు వాడిపోయాయి. "ఇందుకా సార్ ఇంత దూరం" అన్నట్టు చూస్తున్నారు. నాకు పౌరుషం వచ్చింది. "ఒరే, ఆ నీళ్ళ సీసా ఇలా తే" అని, రాయి మీద దోసిలితో చల్లాను. తడిసిన రాతి మీద ఎర్రెద్దు ఒక్కసారి లేచి నిలబడింది! నలభై మందీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు చాలా రోజులు చెవుల్లో వినిపించాయి.

తడిపిన ప్రతిసారీ ఆ నీరు ఆరుతూ రాతిలోని ఉప్పును పైకి లాగుతుంది. ఆ ఉప్పు పొరలు పొరలుగా రంగును పెళ్ళగిస్తుంది. ఇదంతా నాకు ఆ రోజు తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు. అక్కడ ఫ్రాన్సులో ఒక బడిపంతులు తాకనివ్వవద్దన్నాడు. ఇక్కడ ఒక కాలేజీ పంతులు నీళ్ళు పోయమన్నాడు. చికాగోలో మెట్ల మీద కూర్చుని నేను చేసుకొన్న లెక్కలో డాలర్లు లేవు.

నకలని నేను ఈసడించడం కూడా విడ్డూరమే. నేను ఇరవై ఏళ్ళుగా అన్నం తింటున్నది నకళ్ళ మీద. నన్నయగారు తన చేతితో వ్రాసిన తాటాకు ఒక్కటీ మనకు మిగలలేదు. ఒకరి ఆకును ఇంకొకరు చూచి వ్రాసుకొంటూ వచ్చారు గనుక భారతం బతికింది. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు వ్రాయించాడు గనుక ఎన్నో పుస్తకాలు దక్కాయి. నకలు వ్రాసిన ఆ లేఖకుల పుణ్యమే నా ఉద్యోగం. అటువంటివాణ్ణి నకలుకు టిక్కెట్టు దండగ అన్నాను!

తిరిగి వచ్చాక ఆ చలికాలంలో కొత్త విద్యార్థులతో మళ్ళీ ఆ గుట్టకు వెళ్ళాను. దారిలోనే అంతా చెబుదామనుకొన్నాను. కాని బస్సులో అంత్యాక్షరి మధ్య ఎవరు వింటారు? తీరా చరియ కిందకు చేరేసరికి, ముందు వరుసలోని అమ్మాయి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పుతోంది.

"ఏమిటమ్మా అది?" అన్నాను.

"నీళ్ళు పోస్తే బొమ్మలు పైకి లేస్తాయట కదా సార్. సీనియర్లు చెప్పారు. ఆ కిటుకు మీరే కనిపెట్టారట!"

నేను క్లాసులో చెప్పిన ఛందస్సు ఒక్క ఏడాది కూడా ఎవరికీ గుర్తుండదు. ఇది మాత్రం నాలుగేళ్ళుగా ఒక తరగతి నుంచి మరొక తరగతికి చెక్కుచెదరకుండా అందుతోంది. ఈ మధ్యలో ఎన్ని సీసాలు గుమ్మరించారో!

ఆ అమ్మాయి చేతిలోంచి సీసా తీసుకొని మూత పెట్టాను. అందరినీ కూర్చోబెట్టి నేను చేసిన తప్పు మొదటి నుంచి చెప్పాను. లాస్కో సంగతీ చెప్పాను. విద్యార్థుల ముందు తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో తోటి ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత ఆ అమ్మాయే, "మరి ఎలా చూడాలి సార్?" అంది.

"కూర్చుందాం. పొద్దు వాలనీ" అన్నాను.

నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా చరియ కిందకు దిగింది. ఎవరూ ఏమీ పోయకుండానే ఎద్దు కాస్త కాస్తగా తేలింది. ముందు కొమ్ములు, తరువాత మూపురం. నా చేతి నీళ్ళు పడిన చోట వీపు భాగం మిగతావాటికన్నా పలచగా వుంది. అది నా వల్లనే అయిందో కాదో చెప్పలేను. కాని నా కన్ను ముందు అక్కడికే పోయింది.

పిల్లలు గోడకు మూరెడు దూరంలో కూర్చుని నోటు పుస్తకాల్లో ఎద్దు బొమ్మ గీసుకొన్నారు. ఆ అమ్మాయి గీసిన కాగితం చించి నాకు ఇచ్చింది. ఇప్పటికీ నా బల్ల మీద అద్దం కింద వుంది. నిజం చెప్పాలంటే ఎద్దు మూపురం కొంచెం ఎక్కువైంది, ఒక కాలు పొట్టిదైంది.

ఫరవాలేదు. మా తెలుగువాళ్ళం దానిని పాఠాంతరం అంటాము.