లైట్‌హౌస్ లెగసీ సిస్టమ్ కాదు మహాశయా!

వైజాగ్ వెళ్ళొచ్చిన ఐటీ మిత్రుల్లో చాలామంది దగ్గర డాల్ఫిన్స్ నోస్ కొండమీది లైట్‌హౌస్ ఫోటో ఒకటి ఉంటుంది. దాంతోపాటు ఓ ఉచిత సలహా కూడా: "జీపీఎస్ వచ్చాక ఇంకా దీనికి కరెంటు దండగ. మూసేసి రిసార్టు కడితే పోలా?"

మాది బి.కొత్తకోట. మాకు కొండంటే హార్సిలీ హిల్స్, సముద్రమంటే సినిమాలో చూసేదే. అయినా ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అంటున్నది ఇంజనీర్లు.

భీమునిపట్నం వచ్చే ఓడలు శాంతపల్లి రాళ్ళకి గుద్దుకోకుండా 1847లోనే అక్కడి కొండమీద దీపం పెట్టారు. డాల్ఫిన్స్ నోస్ దీపం 1957 నాటిది. ఆ డిజైన్ చూడండి. ఓడవాడికి లాగిన్ అక్కర్లేదు, రిసీవర్ అక్కర్లేదు, పరాయి దేశం దయ అక్కర్లేదు. కళ్ళూ, చార్టూ చాలు. ఎన్ని సెకన్లకి ఎన్ని మెరుపులన్నదే ఆ లైట్‌హౌస్ ఐడీ. పొగమంచులో కనబడదు, నిజమే. కానీ కనబడలేదన్న సంగతి మనకి తెలుస్తుంది. జీపీఎస్‌ని ఎవరైనా ఏమారిస్తే తప్పుడు చోటుని కూడా దర్జాగా చూపిస్తుంది, ఎర్రర్ మెసేజ్ లేకుండా. ఇంతకన్నా దరిద్రమైన బగ్ ఉంటుందా?

"అదంతా ఎప్పుడో అరుదుగా..." అంటారా? 2000 మే దాకా అమెరికా పౌరులకిచ్చే జీపీఎస్‌ని కావాలనే మసకగా ఉంచింది. 2010లో "జీపీఎస్ ఉందిగా" అని లోరాన్-సి రేడియో స్టేషన్లు ఆపేసింది. 2018లో నాలిక్కరుచుకుని, జీపీఎస్ ఇచ్చే టైముకి నేలమీద బ్యాకప్ ఉండాలని చట్టం చేసింది. 2025 మేలో జెడ్డా దగ్గర ఎంఎస్‌సీ ఆంటోనియా అనే కంటెయినర్ ఓడ మెరకెక్కింది. జీపీఎస్ సిగ్నల్ చెడగొట్టడమే కారణమని విశ్లేషకుల అనుమానం.

జీపీఎస్ వద్దని ఎవరన్నారు? అదొక్కటే చాలనడం తప్పంటున్నా. ఆఫీసులో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని గొంతు చించుకునేది మనమే. డేటాబేస్‌కి రెండో కాపీ లేకపోతే రిలీజ్ ఆపేసేదీ మనమే. వెబ్‌సైట్ గంటసేపు పడుకుంటే పోయేది డబ్బులు. ఓడ రాయెక్కితే పోయేది మనుషులు. చమురు ఒడ్డుకి కొట్టుకొస్తే మత్స్యకారుల కూడు. వాళ్ళకి మాత్రం బ్యాకప్ దండగా?

పార్కులు పెట్టుకోండి, టికెట్లు అమ్ముకోండి, కాదనను. దీపం మాత్రం వెలగనివ్వండి. ఈసారి వెళ్ళినప్పుడు ఫోటో దిగాక చీకటి పడేదాకా ఆగి, వాచీ పట్టుకుని ఆ మెరుపులు లెక్కపెట్టండి. ఆ తర్వాత చెప్పండి, మనం రాసిన ఏ కోడుకి అన్నేళ్ళ ఆయుష్షుంది?