విత్తనం ఒకటే, దిగుబడి ఎందుకు వేరు?

కృష్ణా డెల్టాలో వరి కోసిన మళ్లలో దున్నకుండానే మొక్కజొన్న వేసే రైతు రబీలో ఎకరాకు 35, 40 క్వింటాళ్లు తీయడం ఇవాళ వింతేమీ కాదు. 2023లో అమెరికా సగటు దిగుబడి కూడా మన లెక్కలో ఎకరాకు 45 క్వింటాళ్లే. అదే మన దేశ సగటు 14 క్వింటాళ్ల దగ్గరే కొట్టుమిట్టాడుతోంది. పాలమూరు చల్కా నేలలో వానాకాలం మక్క వేసిన రైతుకు 20 దాటితే సంబరమే. ఈ ఇద్దరూ కొన్న విత్తన సంచులు పక్కపక్కన పెడితే చాలాసార్లు ఒకే కంపెనీవి, ఒకే హైబ్రిడ్‌వి. డెల్టా రైతుకు నీరు, శీతాకాలపు చల్లని రాత్రులు కలిసొస్తాయన్నది నిజమే. కానీ తేడానంతా నీటి ఖాతాలో వేసేసి, మిగిలినదానికి ఇంకా ఖరీదైన విత్తనమే మందని నమ్మడం దగ్గరే మన లెక్క తప్పుతోంది.

విత్తన ఎంపిక ముఖ్యం కాదని అనడం లేదు. వర్షాధారపు తేలిక నేలలో వంద రోజుల్లోపు చేతికొచ్చే రకం వేయాలి. అక్కడ దీర్ఘకాలిక రకం వేస్తే గింజ పాలు పోసుకునే వేళకు నేలలో పదను ఉండదు. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం ఇచ్చిన డీహెచ్‌ఎం 117 లాంటి ప్రభుత్వ రకాలూ ఉన్నాయి. డీలరు నోట వాటి పేరు వినిపించకపోవడానికి లాభాల మార్జిన్ తప్ప వేరే కారణం వెతకనక్కర్లేదు. అయితే ఏ విత్తనమైనా ఇచ్చేది అవకాశమే. కంకికి 14 వరుసలా, 16 వరుసలా అన్నది మొక్క మొలిచిన నెల రోజుల్లోపే ఖాయమవుతుంది. ఆ నెలలో మొక్క పస్తుంటే తర్వాత ఎన్ని బస్తాలు గుమ్మరించినా కొత్త వరుస పుట్టదు.

ఆ మొదటి నెలలోనే డెల్టా మడిలో ఒక విచిత్రం కనిపిస్తుంది. భాస్వరం నేలలో దండిగా ఉందని పరీక్ష చెబుతుంది, లేత మక్క ఆకులు మాత్రం ఊదారంగుకు తిరుగుతాయి. నాలుగు నెలలు నీళ్లు నిలిచిన మడిలో, వేళ్లతో జతకట్టి భాస్వరాన్ని మొక్కకు అందించే మైకోరైజా శిలీంద్రాలు తగ్గిపోతాయి. నీరు తీసి మడి ఆరబెట్టగానే భాస్వరంలో కొంత ఇనుముతో బిగుసుకుపోతుంది. అంటే పోషకం అక్కడే ఉంది, దాన్ని అందించే జీవులే తగ్గిపోయాయి. రైతు మాత్రం ఇంకో బస్తా డీఏపీ తెస్తాడు. భాస్వరం ఎక్కువైతే జింకు అందడం తగ్గుతుంది, లేత ఆకులు తెల్లబారే ‘తెల్ల మొగ్గ’ మొదలవుతుంది. ఒక లోపాన్ని పూడ్చబోయి ఇంకోదాన్ని కొని తెచ్చుకోవడమంటే ఇదే. విత్తేటప్పుడు కొద్దిపాటి భాస్వరాన్ని గింజకు చేరువగా, తగలకుండా వేయడం, మడి మొత్తం చల్లడం కన్నా మేలు.

జింకు కథ కొత్తదేమీ కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల చేలల్లో గంధకం, బోరాన్, జింకు లోపాలు విస్తారంగా ఉన్నాయని, వాటిని సరిచేస్తే మొక్కజొన్న దిగుబడి పెరుగుతుందని రైతుల పొలాల్లోనే చూపించి రెండు దశాబ్దాలు దాటింది. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు, అదీ మూడు పంటలకు ఒక్కసారి. ఇంత చిన్న పని ఎందుకు జరగదు?

జవాబులో సగం ధరల పట్టికలోనే ఉంది. 2010లో పోషక ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు కేంద్రం యూరియాను దాని బయటే ఉంచేసింది. 45 కిలోల యూరియా బస్తా రూ.266 ప్రాంతంలో దొరుకుతోంది. అంటే కిలో నత్రజని సుమారు 13 రూపాయలు. పొటాష్ బస్తా పదిహేను వందలు దాటాక కిలో పోషకానికి 50 రూపాయలపైనే పడుతోంది. ఇలాంటప్పుడు యూరియా వైపే మొగ్గిన రైతును అజ్ఞాని అనడం అన్యాయం. ఆ చవక యూరియా కూడా వేళకు అందాలి కదా. మక్క నత్రజనిని ఎక్కువగా పీల్చుకునేది మోకాలి ఎత్తు నుంచి పీచు వేసేదాకా. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పది రోజులు ఆలస్యమైన బస్తా ధర మారదు గానీ, విలువ తగ్గిపోతుంది. దాన్ని పైపైన వెదజల్లితే కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

ఇక చొప్ప. మక్క మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, చొప్పలోనే ఉంటుంది. కాలిస్తే పొటాష్ బూడిదలో మిగులుతుంది, కర్బనం, నత్రజని, గంధకం పొగలో పోతాయి. ముక్కలు కొట్టి నేలలో కలిపితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మొదట్లో నత్రజనిని తామే వాడుకుంటాయి. తర్వాతి పంట కొన్ని వారాలు పాలిపోతుంది. అది చూసి భయపడి మళ్లీ అగ్గిపెట్టె తీసేవాళ్లున్నారు. కలియదున్నేటప్పుడు కాస్త యూరియా వేస్తే సరిపోయే పని అది. ఆహారంగా కర్బనమే లేని నేలలో సీసాలకొద్దీ ‘బయో’ ద్రావణాలు పోస్తే, వాటిలోని సూక్ష్మజీవులు ఏం తిని బతకాలి? 2015లో మొదలైన భూసార కార్డు పన్నెండు అంశాలు కొలుస్తుంది. నేలలోని జీవం గురించి అందులో కనిపించే ఒకే ఒక్క జాడ సేంద్రియ కర్బనం. రైతుకు ఆ గడిని చదివి వివరించేవాళ్లే అరుదు.

అసలు చిక్కు ఇంకా లోతులో ఉంది. డెల్టాలో మొక్కజొన్న వేసేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద వాళ్లకిచ్చే కార్డు గడువు 11 నెలలు. తెలంగాణలో పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలోకే వెళుతోంది. జింకు మూడు పంటలకు పనిచేస్తుంది, కర్బనం పెరగడానికి ఏళ్లు పడుతుంది, కౌలు మాత్రం ఏడాదికే. వచ్చే ఏడాది ఆ మడి ఎవరిదో తెలియని మనిషి చొప్ప కలియదున్నడానికి ట్రాక్టరు బాడుగ ఎందుకు కడతాడు? మూడేళ్లకు తగ్గని కౌలు ఒప్పందాలకు భూయజమానికి భరోసా ఇవ్వాలి. జింకు సల్ఫేటు, చొప్ప ముక్కలు చేసే యంత్రాల రాయితీలను పాసుపుస్తకం అడగకుండా సాగుదారుకే ఇవ్వాలి. మక్కకు కొత్త హైబ్రిడ్ ప్రకటించే ప్రతిసారీ సభలు పెట్టే ప్రభుత్వాలు ఈ రెండింటిలో ఒకటైనా ఈ యాసంగి లోపు చేయగలవు.