నొప్పి లేని పుండు

క్రిందటి వర్షాకాలంలో మా ఓ.పి.కి ఒక కిరాణా కొట్టు యజమాని వచ్చారు. యాభై నాలుగేళ్ళ వయస్సు. వచ్చారనడం కంటే భార్య వెంటబెట్టుకుని తీసుకువచ్చిందనడం నిజం. పొద్దున్నే ఇల్లు తుడుస్తుంటే గచ్చుమీద రక్తపు మరకలు కనిపించాయట. ఎక్కడివా అని చూస్తే ఆయన కుడికాలి అడుగులవి. చెప్పు విప్పించి చూశాను. అడుగు నుంచి ఒక మేకు పైకి పొడుచుకు వచ్చి ఉంది. బొటనవేలి మొదట్లో, అరికాలిలో రూపాయి బిళ్ళంత పుండు. వేలు అప్పటికే నల్లబడింది. వాసన వస్తోంది.

“ఎన్నాళ్ళయిందండీ ఇది?” అని అడిగాను.

“ఏమోనండీ, తెలియదు. నొప్పి ఉంటే అప్పుడే వచ్చేవాణ్ణి గదా!” అన్నారాయన.

ఈ మాట నేను ఎందరి నోటనో విన్నాను. నొప్పి లేదు గనుక పుండు చిన్నదేనని వారి లెక్క. మధుమేహం ఉన్నవారి విషయంలో ఈ లెక్క తారుమారవుతుంది. నొప్పి పెట్టే పుండు కన్నా నొప్పి పెట్టని పుండుకే మేము ఎక్కువ భయపడతాం.

ఆయనకు చక్కెర వ్యాధి బయటపడి పదకొండేళ్ళయింది. గుర్తున్నప్పుడు మాత్ర, లేనప్పుడు లేదు. అడిగినకొద్దీ ఇంకో సంగతి చెప్పారు. రెండేళ్ళ క్రితం అరికాళ్ళు విపరీతంగా మండేవట. రాత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవారు. కొన్నాళ్ళకు మంటలు వాటంతట అవే పోయాయి. షుగర్ కట్టుబడిందని సంతోషించి ఉన్న మాత్రలు కూడా సగం చేశారు.

మంటలు పోవడానికి కారణం షుగర్ తగ్గడం కాదు, నరం చచ్చుబడడం. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, వాటిని పోషించే సన్నని రక్తనాళాలూ రెండూ దెబ్బతింటాయి. శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు నడుము నుంచి కాలివేళ్ళ దాకా పోయేవి. అంచేత చెరుపు అక్కడే, రెండు కాళ్ళ వేళ్ళ కొసల దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మొదట నరం చికాకుపడుతుంది: తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండడం, మంట, దూదిమీద నడిచినట్టుండడం. తరువాత స్పర్శే పోతుంది. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియక నాలుగడుగులు ముందుకు వెళ్ళిపోతారు. ఈ ఒక్క గుర్తు కనబడితే చాలు, డాక్టరుకు మీ పాదాలు చూపించండి. నైలాన్ దారం లాంటి మోనోఫిలమెంటు అనే చిన్న సాధనాన్ని అరికాలికి తాకించి, స్పర్శ ఎంత మిగిలిందో రెండు నిమిషాల్లో చెప్పవచ్చు.

చెమట పట్టించే నరాలు కూడా పోతాయి గనుక పాదం ఎండి పగుళ్ళిస్తుంది. పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్ళు వంకరపోతాయి. బరువు పడకూడని చోట పడి ఆనెకాయ కడుతుంది. ఆ ఆనెకాయ కిందనే పుండు పుడుతుంది. పైగా కాళ్ళకు రక్తం తెచ్చే ధమనులు సన్నబడి ఉంటే పుండు మానదు. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటున్న వారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

స్పర్శ లేని పాదం గురించి మన పొరుగునే ఒక గొప్ప పాఠం ఉంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల చేతులు, కాళ్ళు శ్రద్ధగా పరిశీలించారు. రోగమే వేళ్ళను తినేస్తుందని అంతవరకూ అందరూ అనుకునేవారు. నొప్పి తెలియక రోజూ తగిలే దెబ్బలూ, కాలిన గాయాలే వేళ్ళను పోగొడుతున్నాయని ఆయన చూపించారు. అలాంటి పాదాల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులే ఈనాడు మధుమేహ రోగులకూ మేము రాసి ఇస్తున్నాం. వెనుక పట్టీ ఉన్నవి కొనుక్కోండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో తిరగవద్దు. రోజూ రాత్రి అరికాళ్ళు, వేళ్ళ సందులు వెలుతురులో చూసుకోండి. వంగలేని వారు అద్దం నేలమీద పెట్టుకుని చూడవచ్చు. చూపు ఆనని వారికి ఇంట్లోవాళ్ళు చూడాలి. చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యిపెట్టి తడమండి. మా కిరాణా కొట్టు ఆయన ఈ పని చేసి ఉంటే మేకు వేలికి తగిలేది. కడిగిన తరువాత వేళ్ళ సందులు పొడిగా తుడవండి. కొబ్బరినూనె మడమలకు రాసుకోవచ్చు గాని సందుల్లో వద్దు. ఆనెకాయలను బ్లేడుతో చెక్కడం, మందుల షాపులో దొరికే కార్న్ క్యాపు అంటించడం పనికిరాదు. కాళ్ళ తిమ్మిర్లకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుని బొబ్బలెక్కించుకుని వచ్చేవారు ఏటా చలికాలంలో కనిపిస్తారు. నీళ్ళ వేడి కాలితో చూడకండి, ఇంకొకరిని చూడమనండి. నేలమీద పడుకున్నవారి వేళ్ళను ఎలుకలు కొరికినా తెల్లవారేదాకా తెలియని కేసులు నేను చూశాను.

ఇక మొక్కులు. తిరుమల మెట్లెక్కేవారు, ఎండవేళ బండలమీద ప్రదక్షిణాలు చేసేవారు, నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా అయ్యప్ప దీక్షలో ఉండేవారు అడుగుతుంటారు. స్పర్శ పోయిన పాదమైతే చెప్పులు వేసుకోమనే నా సలహా. గురుస్వామి ఏమంటారో అని సంకోచించేవారు నా చీటీ పట్టుకెళ్ళి చూపించారు. ఇంతవరకూ ఏ గురుస్వామీ కాదనలేదు.

పాదంలో వాపు, ఎరుపు, దుర్వాసన, నలుపు, చిన్న పుండు, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి రండి. సున్నం, పసుపు పట్టించి వారం చూద్దామనుకోవద్దు. ఒక సంగతి మాత్రం చెప్పాలి: తిమ్మిర్లన్నీ షుగర్ వల్లనే రావు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడేవారిలో కొందరికి బి-12 విటమిన్ తగ్గి కూడా తిమ్మిర్లు వస్తాయి. శాకాహారులు మరీ గమనించాలి. రక్తపరీక్షతో తేలుతుంది, తేలికగా సరిదిద్దవచ్చు.

పాదంలో జరిగే ఈ మోసమే మిగతా అవయవాల్లోనూ జరుగుతుంది. కంటి వెనుక రెటీనా పొరలో రక్తనాళాలు చెడుతున్నా చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతింటుంటే మూత్రంలో ఆల్బుమిన్ పడుతుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. ఆఖరి దశల్లో ఇంకో విచిత్రం చూస్తాం. ఇన్సులిన్‌ను శరీరం నుంచి తొలగించే పనిలో మూత్రపిండాలకు భాగముంది. అవి చెడితే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి షుగర్ తగ్గిపోతుంది. పథ్యం ఫలించిందని సంబరపడతారు! కారణం లేకుండా షుగర్ దిగుతుంటే క్రియాటినిన్ చూపించుకోండి. కీళ్ళనొప్పుల మాత్రలు చీటీ లేకుండా కొని మింగడం ఈ మూత్రపిండాలకు మరో దెబ్బ. గుండెపోటు కూడా ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమటలు, విపరీతమైన నీరసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకుండా వెంటనే ఇ.సి.జి. తీయించాలి.

శరీరం చెప్పదు గనుక మనమే అడగాలి. పాదాలు, కళ్ళు, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ ఏడాదికొకసారి, బాగున్నా సరే చూపించుకోవాలి. కంట్లో చుక్కలు వేసి చూస్తారు గనుక తోడు ఒకరిని తీసుకువెళ్ళండి. మూడు నెలల సగటు తెలిపే హెచ్.బి.ఎ.1.సి. చాలామందికి 7 లోపు ఉండాలి. వృద్ధులకు, తరచు షుగర్ పడిపోయేవారికి కొంత సడలిస్తాం. ఈ కొద్ది తేడా ఏం చేస్తుందిలే అనుకోవద్దు. 1998లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఒక జట్టు సగటు 7.9, మరో జట్టు సగటు 7.0. ఆ 0.9 తేడాకే సన్నని రక్తనాళాల ఉపద్రవాలు నాలుగోవంతు తగ్గాయి. రక్తపు పోటును అదుపులో పెట్టడం కూడా దీనికి తీసిపోదు.

మన కిరాణా కొట్టు ఆయనకు ఇన్సులిన్ మొదలుపెట్టి, నల్లబడిన వేలు తీసేశాం. మూడు నెలలకు పుండు మానింది. వారి బావమరిదిగారు మాత్రం “ఇన్సులిన్ ఎక్కించారు, వేలు పోయింది” అని నలుగురికీ చెబుతున్నారట. ఇది మన ఊళ్ళలో పాత అపోహ. ఇన్సులిన్‌ను ఆఖరి దాకా వాయిదా వేసి, కాలు చెడ్డాక మొదలుపెడితే నింద దానిమీదే పడుతుంది. ఆయన మిగతా వేళ్ళు నిలబడ్డాయంటే అందులో ఆ ఇంజెక్షన్ల వంతు చాలా ఉంది.

డ్రెస్సింగుకి రోజూ తోడు వచ్చే భార్యను ఒకనాడు “మీరెప్పుడైనా షుగర్ చూపించుకున్నారా అమ్మా?” అని అడిగాను. “ఆయనకుంటే నాకెందుకుంటుందండీ?” అని నవ్వింది. పరగడుపున చూస్తే 172. మరునాడు చూసినా అంతే. 126 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహం కింద లెక్క. కళ్ళ డాక్టరు వద్దకు పంపితే “సూదిలో దారం ఇప్పటికీ ఎక్కిస్తాను, నా కళ్ళకేమైంది?” అంటూనే వెళ్ళింది. రెండు కళ్ళలోనూ రెటీనా మీద సన్నని రక్తపు చుక్కలున్నాయి. ప్రస్తుతానికి లేజరు అక్కరలేదని చెప్పి, షుగర్ తగ్గించుకుని ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు.