ప్రయోగశాల నుంచి ప్రజల దాకా

మీటరులో వంద కోట్లవ వంతును నానోమీటరు అంటారు. మన తల వెంట్రుక మందమే దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుంది. కంటికి కనిపించని అంత చిన్న లోకంలో పనిచేసే భౌతిక శాస్త్రవేత్తకూ మామూలు మనుషులకూ ఏమిటి సంబంధం? ఆ సంబంధం దానంతట అది ఏర్పడదనీ, శాస్త్రవేత్తే పూనుకుని కల్పించాలనీ మా అభిప్రాయం.

మేము చదువుకుంటున్న కోల్‌కతాలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. సాల్ట్‌లేక్‌లోని ఎస్.ఎన్. బోస్ జాతీయ మౌలిక శాస్త్రాల కేంద్రంలో ఆచార్య సమీర్ కుమార్ పాల్ బృందం నానో పదార్థాలను వైద్యానికి ఎలా వాడుకోవచ్చో పరిశోధిస్తోంది. కాంతి సాయంతో పదార్థాన్ని పరిశీలించడం వారికి కొట్టిన పిండి. ఆ విద్యతోనే నీల్‌రతన్ సర్కార్ వైద్య కళాశాల వారితో కలిసి 'అజో-నియో' అనే పరికరాన్ని రూపొందించారు. పసిబిడ్డకు కామెర్లు ఎంత ఉన్నాయో తెలుసుకోవడానికి సాధారణంగా సూది గుచ్చి రక్తం తీస్తారు. ఈ పరికరం చిన్నారి గోరుపై కాంతిని ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి కొద్ది సెకన్లలోనే ఫలితం చెబుతుంది. తయారీ కోసం ఈ సాంకేతికతను ఒక సంస్థకు అప్పగించారు.

విజ్ఞానాన్ని వ్యాపారం చేయవచ్చా అని కొందరు అడుగుతారు. వారికి జగదీశ్ చంద్ర బోస్ గుర్తుకు వస్తారు. 1895లో ఆయన ఈ నగరంలోనే విద్యుదయస్కాంత తరంగాలతో దూరంగా ఉన్న గంటను మోగించి చూపారు. గెలీనా స్ఫటికంతో చేసిన ఆయన తరంగ శోధకానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. అదీ మిత్రులు పట్టుబట్టడం వల్లనే. దానితో డబ్బు సంపాదించాలని ఆయన అనుకోలేదు.

ఆ నిస్వార్థానికి చేతులెత్తి నమస్కరిస్తాం. కానీ పరిశోధన పత్రంగా మిగిలిపోయిన పరికరం ఏ బిడ్డకూ సూదిపోటు తప్పించలేదు. అది కర్మాగారంలో తయారై, పరీక్షల్లో నెగ్గి, పల్లెలోని ఆసుపత్రికి చేరాలి. అందుకు వ్యాపారం అవసరమే. అయితే ప్రజల పన్నులతో జరిగిన పరిశోధన ఫలితం ప్రజలకు అందుబాటు ధరలోనే దొరకాలి.

ఇంకో బాధ్యత కూడా ఉంది. సూది లేకుండా పరీక్ష ఎలా చేస్తారో తల్లికి ఆమె భాషలో చెప్పకపోతే ఆమెకు నమ్మకం ఎలా కుదురుతుంది? పైన చెప్పిన కేంద్రం ఎవరి పేరు పెట్టుకుందో ఆ సత్యేంద్రనాథ్ బోస్, 1948లోనే బంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, 'జ్ఞాన్ ఓ బిజ్ఞాన్' పత్రిక ద్వారా సైన్సును బెంగాలీలో జనానికి అందించారు. పరిశోధించడం, వస్తువుగా మలచడం, విడమరచి చెప్పడం ఒకే పనిలోని మూడు భాగాలు. ఏ ఒక్కటి లోపించినా ఆ పని సగంలో ఆగినట్టే.

మూడోది మనమూ చేయగలం. మన విద్యాలయంలో ఈసారి జరిగే సైన్సు ప్రదర్శనలో ప్రతి నమూనా పక్కన, దాన్ని చేసిన విద్యార్థి మాతృభాషలో కూడా ఒక పేరా వివరణ ఉంచాలని కోరుతున్నాం. తెలుగు పేరాలు రాసే పని మేము తీసుకుంటాం.