తుపాకుల రిజిస్టర్లో మన పల్లె పేరుందా?

ఎన్నికలొచ్చినప్పుడల్లా మన సత్తెనపల్లి చుట్టుపక్కల ఒక తంతు జరుగుద్ది. లైసెన్సు తుపాకులున్న పెద్దమనుషులు వాటిని తెచ్చి పోలీసు స్టేషన్లో అప్పజెప్తారు. ఓట్ల లెక్కింపు అయిపోయాక ఎవరి తుపాకి వాళ్ళింటికి పోద్ది. అంటే ఏ ఊళ్ళో ఎవరింట్లో తుపాకి ఉందో సర్కారుకు తెలుసు. పేర్లతో సహా రిజిస్టర్లో ఉంది. అందులో మాలపల్లి నుంచి ఎంతమంది? మాదిగపల్లి నుంచి ఎంతమంది? లెక్క నేను చెప్పను. మీ ఊరి లెక్క మీరే తియ్యండి. ఒక్క వేలన్నా మడవాల్సి వస్తదేమో చూడండి.

తుపాకి మాటెత్తగానే మనవాళ్ళే ఉలిక్కిపడతారు. "పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాస్టారివి, ఈ గొడవ నీకెందుకయ్యా?" అంటారు. అయ్యా, చట్టంలో రాసున్న మాటే చెబుతున్నాను. వినండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. దాని నియమాలు 1995 మార్చి 31న వచ్చాయి. అందులో మూడో నియమం చదవండి. అత్యాచారం జరిగే ప్రమాదమున్న ప్రాంతాలను సర్కారు ముందే గుర్తించాలి. అవసరమైతే అక్కడి దళితేతరుల తుపాకి లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలను సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. వాళ్ళ దగ్గరి బంధువులవీ, పాలేర్లవీ, స్నేహితులవీ కూడా. లైసెన్సు లేని తుపాకులన్నీ పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ప్రాణం, ఆస్తి కాపాడుకోటానికి లైసెన్సులు ఇవ్వాలి. ఇది ఢిల్లీ సర్కారు గెజిట్లో అచ్చేసిన మాట.

ఇంకో మాట. 1959 ఆయుధాల చట్టం పద్నాలుగో సెక్షను, ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదంటుంది. మిరప కోతకు పొయ్యే కూలీకీ, పత్తి చేను కౌలుకు చేసేవాడికీ అడిగే హక్కుందన్న మాట. నిరాకరిస్తే కారణం రాయాలి. అప్పీలుకు పొయ్యే దారీ ఉంది.

మరి ఈ హక్కు ఎక్కడ చచ్చిపోతంది? మొదట స్టేషన్లో. లైసెన్సుకు పోలీసు రిపోర్టు కావాలి. మన ఫిర్యాదుకు ఎఫ్ఐఆర్ రాయటానికి నాలుగు రోజులు తిప్పే చెయ్యే ఈ రిపోర్టూ రాయాల. తర్వాత రేంజి గేటు దగ్గర. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అడిగేవాడు ఆయుధ భద్రత శిక్షణ పొందాలి. మంచి నియమమే. తుపాకి పట్టటం రానివాడి చేతిలో తుపాకి వాడి బిడ్డకే ప్రమాదం. కానీ శిక్షణ ఎక్కడ? పట్నాల్లో డబ్బు కట్టే రైఫిల్ క్లబ్బుల్లో. లేదంటే పోలీసుల రేంజిలో. పోలీసు రేంజి ప్రజల సొమ్ముతో కట్టింది. గేటు మీద మాత్రం ప్రవేశం నిషిద్ధం. ఊరి చెరువు ముందు, గుడి ముందు మనం చూసిన గేటే ఇది. బోర్డు మీద కులం పేరు లేదు, అంతే తేడా.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో చేరాను. ఒకరోజు మమ్మల్ని ఫైరింగు రేంజికి తీసుకుపోయారు. పాయింట్ 22 రైఫిలు, ఐదు గుళ్ళు. బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి కాల్చాను. రెండు తగిలాయి. ఇంటికొచ్చి చెబితే మా నాయన నమ్మలా. మా పల్లెలో రేంజి లోపల కాలు పెట్టినవాణ్ణి అప్పటికి నేనొక్కణ్ణే. ఆ రోజు నాకు తెలిసింది తుపాకి గొప్పతనం కాదు. అది నేర్చుకుంటే వచ్చే పని. చదువు మాదిరిగానే కొందరికి నేర్పారు, కొందరికి నేర్పలేదు.

అంబేద్కర్ గారు 1936లో 'కుల నిర్మూలన'లో ఈ ప్రశ్నే వేశారు. కోట్ల మంది ఇంత అన్యాయాన్ని ఎందుకు భరించారని అడిగి, చాతుర్వర్ణ్యం వాళ్ళకు ఆయుధం లేకుండా, చదువు లేకుండా చేసిందని జవాబిచ్చారు. తెల్లవాడు 1878 చట్టంతో దేశం మొత్తాన్ని నిరాయుధం చేశాడు. మన మీద ఆ చట్టం వేల ఏళ్ళ ముందు నుంచే ఉంది. మహార్లను సైన్యంలోకి రానివ్వని రోజుల మీద అంబేద్కర్ పోరాడారు. 1941లో మహార్ రెజిమెంటు వచ్చింది.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. కాలిఫోర్నియాలో నల్లవాళ్ళ బ్లాక్ పాంథర్లు చట్టప్రకారమే తుపాకులు పట్టుకుని, పోలీసులు తమ వాళ్ళను ఆపిన చోటల్లా పక్కన నిలబడ్డారు. వెంటనే 1967లో చట్టమే మార్చేశారు. గవర్నరు రీగన్ సంతకం పెట్టాడు. తెల్లవాడి భుజాన ఉన్నన్నాళ్ళూ అది హక్కు, నల్లవాడి భుజానికెక్కితే నేరం. ఆ పాంథర్ల పేరే 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది. దాటెయ్యకూడదు. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురిని చంపింది తుపాకులతో కాదు, గొడ్డళ్ళు, బరిసెలతో. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికినప్పుడు పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. వందల మంది మీదపడితే పల్లెలో ఒక్క తుపాకి ఏం చేస్తది? పైగా మనవాడి ఇంట్లో తుపాకుంటే రేపు ఏ కేసు అంటగడతారో? నిజమే. ఇంటికో తుపాకి కొనుక్కోమని నేను చెప్పటం లేదు. నాటు తుపాకి జోలికి అసలే పోవద్దు. దాని దారి జైలుకే. కారంచేడు తర్వాత మనల్ని నిలబెట్టింది చీరాల శిబిరం, దళిత మహాసభ. సంఘమే మన బలం.

అయితే సంఘం ఏం అడగాలి? మూడో నియమంలో మనకు లైసెన్సు ఇవ్వటం కంటే ముందున్న మాట, వాళ్ళ లైసెన్సు తియ్యటం. దాన్ని అడగాలి. 2024 మే పోలింగు తర్వాత పల్నాడులో ఏం జరిగిందో చూశాం. పెట్రోలు బాంబులు బయటపడ్డాయి, 144 సెక్షను పెట్టారు. గొడవ పెద్దోళ్ళది. తలుపులేసుకుని పస్తున్నది కూలిపోయిన మన పల్లెలు.

కాబట్టి సోదరులారా, అక్కలారా, ఇవి చెయ్యండి.

ఒకటి. మండలంలో ఎన్ని తుపాకి లైసెన్సులున్నాయి, అందులో ఎస్సీ, ఎస్టీలవి ఎన్ని, మూడో నియమం కింద ఇప్పటిదాకా ఎన్ని రద్దు చేశారు అని సమాచార హక్కు కింద అడగండి. పేర్లు ఇవ్వమంటే అంకెలన్నా ఇవ్వమనండి.

రెండు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్సు కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. అక్కడ ఈ ప్రశ్న పెట్టండి. మినిట్స్‌లో రాయించండి.

మూడు. పోలీసు రేంజిలో బయటివాళ్ళకు ప్రవేశముందా, ఉంటే ఏ రోజు, ఎంత ఫీజు? తెలుగులో రాసి గేటుకు కట్టమనండి. డీఎస్పీ గారి బంధువుకొక రూలు, కూలోడి కొడుక్కొక రూలు కుదరదు. లైసెన్సు అడిగే దళితులకు భద్రత శిక్షణ సర్కారే ఉచితంగా ఇవ్వాలి. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ ఆడపిల్లలను, మగపిల్లలను గురిచూసే ఆటకు అదే రేంజిలోకి తీసుకుపోవాలి.

ఆ రిజిస్టరు తెరిపిద్దాం. ఆ గేటు దగ్గర అర్జీ పట్టుకుని వరసలో నిలబడదాం. తెరుస్తారో లేదో వాళ్ళిష్టం. ఎందుకు తెరవలేదో మాత్రం రాసివ్వాల్సిందే.

జై భీమ్!